చలిపొద్దున నక్కగారి సన్మానం

ఊరి చివర వాగు ఒడ్డున, మిరపచేలను ఆనుకుని ఒక కళ్ళం ఉండేది. అందులో ఒక గడ్డివామి, ఒక పశువుల కొట్టం, కొట్టం ముందు కోళ్ళను కమ్మే వెదురుగంప, గంప పక్కన బూడిదకుప్ప. కొట్టంలో పుల్లయ్య అనే ముసలి ఎద్దు, గంప కింద చుక్కమ్మ అనే కోడిపెట్ట, ఆమె పిల్లలు ఉండేవాళ్ళు. ఒక కోడిపుంజు కూడా ఉండేది గానీ దాని గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. కూయడం తప్ప దానికి మరో పని రాదు, ఆ కూత కూడా నలుగురూ మెచ్చుకోవాలనే.

బూడిదకుప్పలో సింగడనే కుర్రకుక్క పడుకునేది. కళ్ళానికి కాపలా వాడే. బలముంది, పరుగుంది. లేనిదల్లా బుర్ర. ఎవరైనా ఒక మంచిమాట అంటే నిలబడ్డచోటే ఉబ్బిపోయేవాడు, ఒక ఎకసెక్కపు మాట అంటే అక్కడే కుంగిపోయేవాడు.

ఈ కళ్ళంలో పొద్దున్నే ఎవరి పద్ధతి వాళ్ళకుండేది. పుల్లయ్య అరక కట్టకముందే వాగుదాకా నింపాదిగా నడిచొచ్చేవాడు. పుంజు రెక్కలు టపటపలాడించి గానీ గొంతెత్తేది కాదు. సింగడు లేచి కళ్ళం చుట్టూ నడిచి, మెల్లగా గట్టుదాకా ఉరికొచ్చి, ముందుకాళ్ళు చాచి నడుము దించి ఒళ్ళు విరుచుకునేవాడు. ఆ తర్వాత వెనకకాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి సాగదీసుకునేవాడు. ఎందుకు చేస్తున్నామని వీళ్ళు ఎన్నడూ తమను తాము అడగలేదు. అందుకే ఒకడు వచ్చి నవ్వగానే జవాబు చెప్పలేకపోయారు.

ఆ నవ్వినవాడు టక్కయ్య. మిరపచేలలో తిరిగే నక్క. ఒకరోజు గట్టు మీద కూర్చుని, సింగడు ఒళ్ళు విరుచుకుంటుంటే పకపకా నవ్వాడు.

"ఏం బావా, పొద్దున్నే ఎవరికి దణ్ణాలు పెడుతున్నావు?"

"దణ్ణం కాదు. ఒళ్ళు విరుచుకుంటున్నా."

"ఎందుకంట?"

సింగడు చెవి గోక్కున్నాడు. "మా అమ్మ చేసేది."

"మీ అమ్మ ముసల్ది. కీళ్ళు పట్టేసి చేసుంటది. నీకేం పుట్టింది? చిరుతపులి ఎప్పుడైనా ఒళ్ళు విరుచుకోవడం చూశావా?"

సింగడు అసలు చిరుతపులినే చూడలేదు. ఆ మాట ఒప్పుకోవడానికి సిగ్గుపడి, "అబ్బే, లేదు" అన్నాడు.

"మరి! వీరుడన్నవాడు పడుకున్నచోటినుంచి బాణంలా లేవాలి. నువ్వు అటూ ఇటూ నడిచి, వంగి, లేచేలోపు దొంగ పక్క ఊరు చేరతాడు. అంతగా కాలు సాగదీయాలనిపిస్తే, లేస్తూనే బారజాపి గట్టిగా ఒక్క ఊపు ఊపు. లోపల కలుక్కుమనాలి. ఎంత నొప్పి పుడితే అంత బలం పడుతున్నట్టు లెక్క."

వీరుడు అనే మాట చెవిన పడ్డాక సింగడికి మిగతాది వినాల్సిన అవసరమే లేకపోయింది. ఆ రోజునుంచి నడక మానేశాడు, ఉరకడం మానేశాడు. లేస్తూనే కాలు బారజాపి ఊపేవాడు. కలుక్కుమనేది. కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. బలం పడుతోందని సంబరపడేవాడు.

పుల్లయ్య చూసి చూసి ఉండబట్టలేక అన్నాడు. "ఒరే సింగా, చలికి బిగుసుకుపోయిన తోలుపగ్గాన్ని వంచితే ఏమవుద్ది?"

"చిట్లుద్ది."

"ఒంట్లో నరాలూ అంతేరా. వెచ్చబడితేనే సాగేది. ముందు కాస్త నడువు."

"తాతా, నువ్వు ముసలోడివి. నీకు కుదిరేవి నీకు, వీరులకు కుదిరేవి మాకు."

"అట్టాగే కానీరా వీరుడా" అని పుల్లయ్య నెమరు వేసుకోవడంలో పడ్డాడు. పుంజు కూడా సింగణ్ణి చూసి రెక్కలు కొట్టడం మానేసింది. దాని కూత గొంతులో గింజ అడ్డుపడ్డట్టు వచ్చేది. అదేమంటే, ఇది కొత్త బాణీ అనేది.

పుష్యమాసం వచ్చింది. ఒక తెల్లవారుజామున పొగమంచు ఎంత దట్టంగా కమ్మిందంటే, కొట్టంలోంచి గంప కనపడలేదు. ఎవరో గంపను ఒక్క తోపు తోసి తిరగేశారు. "అయ్యో సింగా, పిల్లలురా!" అని చుక్కమ్మ కేక పెట్టింది.

సింగడు బాణంలానే లేచాడు. గురువుగారు చెప్పినట్టు, పడుకున్నచోటినుంచే, చలికి కొయ్యబారిన ఒంటితోనే ఎగిరాడు. తొడ వెనక టప్పుమంది. ఎగిరినవాడు ఎగిరినట్టే బూడిదలో మూతి గుద్దుకుని పడ్డాడు. బూడిద తుమ్ముకుంటూ తలెత్తేసరికి దొంగ లేడు, చుక్కమ్మ పెద్దకూతురూ లేదు. ఇంకా మొదటి గుడ్డయినా పెట్టని పిల్ల. చుక్కమ్మ మిగిలిన పిల్లలను రెక్కల కిందికి లాక్కుని ఏడ్చిన ఏడుపు విని పుల్లయ్య ఆ పూట గడ్డి ముట్టలేదు.

తెల్లవారాక రైతు వచ్చి చూశాడు. గంప కమ్మి, దాని మీద విరిగిన తిరగలిరాయి ఎత్తి పెట్టాడు. కుంటుతున్న సింగణ్ణి ఒక్క తన్ను తన్నాడు.

"ఇంకొక్క కోడి పోయిందా, నిన్ను వాగు అవతల వదిలేసి వేరే కుక్కను తెచ్చుకుంటా. తిండి దండగ!"

వాగు అవతల తోడేళ్ళుంటాయి. కుంటి కుక్క అక్కడ ఒక్క పూట కూడా బతకదు.

మధ్యాహ్నం టక్కయ్య పరామర్శకు వచ్చాడు, గట్టు దిగకుండానే. "ఎంత ఘోరం! ఎవడో పక్క ఊరి నక్కయి ఉంటాడు. మా జాతికే మచ్చ తెచ్చాడు" అని ఎడమ ముందుకాలెత్తి కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత సింగడి వైపు తిరిగి, "తప్పు నీదే బావా. ఊపు సరిపోయినట్టు లేదు. ఇంకా గట్టిగా ఊపాలి" అన్నాడు. కాలు నేల మీద ఆనడం లేదు, తొడ వాచి ఉంది, అయినా ఈ వెధవ తలూపాడు! లోకంలో మందబుద్ధులకు మందు లేదు.

చుక్కమ్మ మాత్రం ఆ ఎత్తిన కాలును చూసింది. దానికి ఒక గోరు లేదు.

మర్నాడు ఆమె పక్కనున్న దుక్కి చేలో గింజల కోసం కెలుకుతూ చటుక్కున ఆగిపోయింది. పుల్లయ్యను, సింగణ్ణి పిలిచింది. దుక్కి మెత్తగా ఉంది, అడుగులు అచ్చు పోసినట్టున్నాయి. ఎడమ ముందుకాలి అడుగు ఎక్కడ చూసినా ఒక గోరు తక్కువ.

"చూడు నాయనా" అంది చుక్కమ్మ. "ఇక్కడ అడుగులు దగ్గరదగ్గరగా ఉన్నాయా? మెల్లగా నడిచాడు. ఇక్కడినుంచి దూరమైనాయి, చేను చుట్టూ ఉరికాడు. ఇదిగో, ముందుకాళ్ళు చాచి పొట్ట నేలకు ఆనించాడు. ఇక్కడ వెనకకాలు ఈడ్చి సాగదీశాడు. ఇవన్నీ అయ్యాకే తిన్నగా మన గంప మీదికి వచ్చాడు."

తిరుగు దారిలో అడుగుల పక్కన ఒక చుక్కల ఈక పడి ఉంది. చుక్కమ్మ దాని వైపు చూపించలేదు. చూపించాల్సిన అవసరం లేదు.

"నన్ను వద్దని తను చేశాడా?" అన్నాడు సింగడు. "నా వల్లే కదా పిన్నీ, నా వల్లే..."

"నీ వల్లే" అంది చుక్కమ్మ. "కాదని చెప్పి నిన్ను ఊరుకోబెట్టే ఓపిక నాకు లేదు. ఏడవడానికి నేనున్నా. నీకు వేరే పనుంది. ముందు ఆ కాలు బాగుచేసుకో."

పుల్లయ్య సింగడి బాధ్యత తన మీద వేసుకున్నాడు. వాపు తగ్గేదాకా కదలనివ్వలేదు. తగ్గాక వాగు ఇసకలో తనతోపాటు నింపాదిగా నడిపించాడు. ఒళ్ళు వెచ్చబడ్డాక మాత్రమే కాలు చాచనిచ్చాడు.

"మెల్లగారా. లాగినట్టు అనిపించగానే ఆగు. అక్కడే పట్టి ఉంచి ఊపిరి వదులు. ఊపితే కొమ్ముతో పొడుస్తా!"

"ఇంకొంచెం చాపుతా తాతా, నొప్పి పుట్టేదాకా."

"ఆ నొప్పి నీ గురువుకు దాచిపెట్టు."

కాలు బాగుపడింది. అయినా గట్టు మీద టక్కయ్య కనిపించినప్పుడల్లా సింగడు కుంటుతూనే తిరిగాడు. ఇంక చుక్కమ్మ పుంజును పిలిచి చెప్పాల్సింది చెప్పింది. పుంజు గడ్డివామి ఎక్కి, గట్టు వైపు తిరిగి మొదలుపెట్టింది.

"అయ్యా వ్యాయామాచార్యులవారూ! తమలాంటి గురువుకు సన్మానం చెయ్యకపోతే మా కళ్ళానికే అప్రతిష్ఠ. రేపు కోడికూత వేళకు దయచేయండి. సన్మానం ముగియగానే పుల్లయ్యగారు కొమ్ముతో తిరగలిరాయి తోసి గంప ఎత్తుతారు. తమకు నచ్చిన కోడి తమదే."

టక్కయ్య కళ్ళు చికిలించాడు. "కోళ్ళను మీరే ఇస్తారా? ఎందుకట్టా?"

"నాలుగు గింజలు పడితే నలభై ముక్కులు పడుతున్నాయి. నాకేం మిగలట్లేదండీ" అంది పుంజు. అది అబద్ధమే అయినా, దాని ముఖానికి అతికినట్టు సరిపోయింది.

తెలివున్నవాడెవడైనా అక్కడితో మర్యాదగా తప్పుకునేవాడు. కానీ ఆ రాయి తోయడం టక్కయ్య తరం కాదు. పైగా సన్మానం! ఆ మాట వినబడ్డాక వెనక్కి తిరిగిన పెద్దమనిషిని నేనింతవరకు చూడలేదు.

మర్నాడు మసకచీకట్లోనే టక్కయ్య దుక్కి చేను చుట్టూ గుట్టుగా ఉరికి, ఒళ్ళు సాగదీసుకుని, వెచ్చగా వచ్చాడు. బూడిదకుప్పలో సింగడు మూలుగుతూ కనిపించాడు. "దండ తెస్తా గురువుగారూ" అని కుంటుకుంటూ గడ్డివామి వెనక్కి పోయాడు. పుల్లయ్య అతిథికి కొట్టం ముందున్న బండ చూపించాడు. బండ మీద గోనెపట్టా పరిచి ఉంది. రాత్రి కురిసిన మంచు తడంతా దానిలోనే ఉంది.

"తమరు ఆసనం అలంకరించాలి" అన్నాడు పుల్లయ్య.

టక్కయ్య అలంకరించాడు. పట్టా ఐసుముక్కలా ఉంది.

ముందు పుంజు మాట్లాడింది. టక్కయ్య పుట్టుక, బాల్యం, వంశం, ఆ వంశంలో ఎవరెవరు ఎంతెంత గొప్పవాళ్ళో చెప్పింది. ఒకటీ నిజం కాదు, ఒకటీ పొట్టిగా లేదు. టక్కయ్యకు మొదట్లో చాలా బాగుంది. తర్వాత తొడలు చల్లబడ్డాయి. తర్వాత పిక్కలు. కాస్త కదిలాడు.

"గురువుగారు కాళ్ళు కదిలిస్తున్నారేం?" అని పుంజు ఉపన్యాసం ఆపింది. "ఒళ్ళు గానీ పట్టేసిందా? పోనీ లేచి నాలుగడుగులు నడుస్తారా? కాస్త ఒళ్ళు విరుచుకుంటారా?"

"నేనా! ఒళ్ళు విరుచుకోవడమా! ఛ!" అని టక్కయ్య బిగుసుకుని కూర్చున్నాడు. నవ్వాడు కూడా, పళ్ళు టకటకలాడుతుంటే.

ఆ తర్వాత పుల్లయ్య లేచాడు. "రెండే రెండు ముక్కలు మాట్లాడి ముగిస్తాను" అన్నాడు. ఈ మాట ఎక్కడ వినిపించినా శ్రోతలు జాగ్రత్తపడాలి. ఎద్దు నింపాదిగా మొదలుపెట్టి, నింపాదిగా నెమరు వేసుకుంటూ, చెప్పిందే మళ్ళీ చెబుతూ పోయాడు. గడ్డివామి వెనక సింగడు నడుస్తున్నాడు. తర్వాత ఉరుకుతున్నాడు. తర్వాత ఆగి, ముందుకాళ్ళు చాచి నడుము దించాడు. వెనకకాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి మెల్లగా సాగదీశాడు. ఎక్కడా కలుక్కుమనలేదు.

"కనుక," అన్నాడు పుల్లయ్య చివరికి, "ఇప్పుడు గురువుగారిని వారి శిష్యుడు సత్కరిస్తాడు."

వామి వెనకనుంచి సింగడు వచ్చాడు. దండ లేదు. కుంటడం లేదు. నోట్లోంచి ఆవిరి వస్తోంది.

టక్కయ్యకు అంతా ఒక్కసారిగా అర్థమైంది. పడుకున్నచోటినుంచి బాణంలా లేవాలని తనే చెప్పాడు కాబట్టి అలాగే లేవబోయాడు. రెండు పిక్కలూ ఒకేసారి ముడిపడ్డాయి. ఎగిరిన నక్క గట్టు వైపు పోలేదు, పక్కనున్న పేడగుంటలో బోర్లా పడింది. సింగడు ఒక్క దూకుతో గుంట అంచు మీద నిలబడ్డాడు.

"బావా, బావా, నీకు దణ్ణం పెడతా!" అని టక్కయ్య పేడలోంచి మూతి పైకెత్తాడు. "ఒక్క నిమిషం ఆగరా. ఒళ్ళు కాస్త వెచ్చబడనీ. ఈ కాలు కాస్త సాగదీసుకోనీ. ఆ తర్వాత నువ్వు తరుము, నేను ఉరుకుతా, అదే ధర్మం!"

"అదంతా ముసలోళ్ళు చేసే పని కదా గురువుగారూ" అన్నాడు సింగడు. "మీరు వీరులు."

చుక్కమ్మ గంప కిందనుంచి ఒకే ఒక్క మాట అంది. "దాని పేరు కూడా పెట్టలేదురా ఇంకా, నా పిల్లకి."

పేడగుంటలోంచి నక్క మళ్ళీ బయటికి రాలేదు. రైతు వచ్చేసరికి సింగడు కళ్ళం చుట్టూ మెల్లగా నడుస్తూ ఆయాసం తీర్చుకుంటున్నాడు. పుంజు గడ్డివామి ఎక్కి, నలుగురూ చూస్తున్నారో లేదో ఒకసారి చూసుకుని, రెక్కలు టపటపా కొట్టి, చాలా రోజుల తర్వాత నిండుగా కూసింది.

నీతి: ఒళ్ళు వెచ్చజేసుకుని మెల్లగా సాగదీసుకున్నాకే ఉరకాలి, అది చూసి నవ్వేవాడు చాటుగా ఏం చేస్తున్నాడో కూడా ఒక కన్నేసి ఉంచాలి.