తలకిందులైన మఖమలు చెయ్యి

అనగా అనగా, ఏడు సముద్రాల అవతల, ఇంగ్లండు అనే చలిదేశంలో సిసిలీ అనే దర్జీ ఉండేది. మొగుడు పోయాక ఆయన దుకాణాన్ని ఆమే నడుపుకునేది. ఆ ఊళ్లో గుడ్డ కుట్టించుకునేవాళ్లే తెచ్చి ఇవ్వాలి. దాన్ని దర్జీ పాడుచేస్తే దర్జీల సంఘం పెద్దలు వచ్చి దుకాణం మూయించేవారు.

ఒకనాడు డొరతీ దొరసాని నల్ల మఖమలు తెచ్చింది. "పది రోజుల్లో మా అమ్మాయి పెళ్లి. నాకు గౌను కుట్టు" అంది.

మఖమలుకు ఒకే వైపు వాలిన నూగు ఉంటుంది కదా! పైనుంచి చూస్తే ఒక నలుపు, కిందనుంచి చూస్తే ఇంకో నలుపు. అందుకే ముక్కలన్నీ ఒకే దిక్కుగా కత్తిరించాలి. చేయి తిరిగిన సిసిలీ, ఏ ధ్యాసలో ఉందో ఏమో, గౌను చెయ్యి ఒకటి తలకిందులుగా కత్తిరించేసింది. మిగిలింది జానెడు గుడ్డ. దాంతో కొత్త చెయ్యి రాదు.

"నోరు మెదపకు. ఎవరు చూడొచ్చారు?" అంది తోడుగా కుట్టే ఎల్లెన్.

మూడో రోజు దొరసాని వచ్చింది. "పని సాగుతోందా?"

"సాగుతోందమ్మగారూ." ఆ రోజు సిసిలీకి ముద్ద దిగలేదు.

ఆరో రోజు దొరసాని గౌను తొడిగి చూసుకోవడానికి వచ్చింది. బయట మబ్బు. గౌను చేతులు రెండూ ఒకేలా కనిపించాయి. "బాగా కుదిరిందా?"

"కుదిరిందమ్మగారూ" అంటూనే సిసిలీ సూదిని వేలికి గుచ్చుకుంది. పెళ్లినాడు ఎండ కాస్తే? అంతమందిలో దొరసాని పరువు ఏం కాను? తన దుకాణం ఏం కాను? పాపం, సిసిలీకి కంటిమీద కునుకు లేదు.

తొమ్మిదో రోజు దొరసాని మళ్లీ వచ్చింది. "అంతా అయినట్టేనా?"

ఇక సిసిలీ వల్ల కాలేదు. "లేదమ్మగారూ. ఒక చెయ్యి తలకిందులుగా కత్తిరించాను. భయపడి దాచాను" అని ఏడ్చేసింది.

దొరసాని గౌనును గుమ్మం వెలుతురులో పట్టుకుని చూసింది. ముఖం చిట్లించింది.

"ఈ చేతులు గౌనుకు కుట్టకుండా విడిగా నాడాలతో కట్టేవేగా?" అంది దొరసాని.

"అవునమ్మగారూ. మార్చడానికి నా దగ్గర వేరే గుడ్డ లేదు."

"నా దగ్గర ఉంది. ఎర్ర పట్టు చేతుల జత పెట్టెలో ఊరికే పడి ఉంది. నల్ల గౌనుకు ఎర్ర చేతులు అందరూ కట్టేవే. మొదటి రోజే చెప్పి ఉంటే నీకీ ఏడుపు తప్పేది కదే, పిచ్చిదానా."

పెళ్లినాడు ఎండ ఫెళ్లున కాసింది. ఎర్ర చేతుల ఆ నల్ల గౌను ఎవరు కుట్టారని ముగ్గురు దొరసానులు అడిగారు. సంఘం పెద్దలు దుకాణం వైపు రానేలేదు.

చూశారా పిల్లలూ, మన తప్పును ఎవరి దగ్గర దాస్తామో, దాన్ని దిద్దే దారి చాలాసార్లు వాళ్ల దగ్గరే ఉంటుంది.