ఉప్పు మడుల ఫొటో

టెక్కలిలో ఫొటో స్టూడియో నడిపే అప్పలసూరి మాస్టారికి ఒక అలవాటుంది. ఎండలో ఫొటో తీయగానే భుజం మీది తువ్వాలు నెత్తిన కప్పుకుని, ఆ చీకట్లో కెమెరా తెర చూసుకుంటాడు. వెలుగు మరీ ఎక్కువైన చోట ఆ తెర మీద నల్లమచ్చలు మిణుకుమిణుకుమంటాయి. మనిషి మొహం మీద మిరియపు గింజంత మచ్చ కనబడినా ఆయన ఒప్పుకోడు; వెలుగు తగ్గించి మళ్లీ తీస్తాడు. పెళ్లివారు ఎంత విసుక్కున్నా అంతే.

అలా తీసినవన్నీ కాస్త నల్లగా వస్తాయి. వాటిని కంప్యూటర్లో తేటపరిచే పని ధర్మారావుది. ముప్పై ఏళ్లవాడు, విశాఖపట్నంలో పని నేర్చుకున్నవాడు. ఆ సంగతి రోజుకొకసారైనా గుర్తుచేయనిదే అతనికి అన్నం సయించదు. ఒక వేసవి మధ్యాహ్నం అతను అడగనే అడిగాడు. జనమంతా తెల్లగా రావాలని కోరుకుంటుంటే మనం నల్లగా తీయడమెందుకు మాస్టారూ, ఎండేమైనా మన ఇంటి సొమ్మా, అని. మాస్టారు భుజం మీది తువ్వాలు తీసి బల్ల మీద పెట్టాడు. కాసేపట్లో ఒక అమ్మాయి వస్తుంది, ఆమె పని నువ్వు చూడు, అన్నాడు.

అమ్మాయి పేరు నీలవేణి. నౌపడ ఉప్పు మడుల్లో పనిచేసే వాళ్ల పిల్ల. ఆమెకు రెండేళ్ల వయసులో తల్లి జ్వరంతో పోయింది. తల్లిది ఉన్న ఫొటో ఒక్కటే. పది రోజుల్లో తన పెళ్లి. పందిట్లో తల్లి ఫొటో పెట్టుకోవాలని ఆమె కోరిక. అంతకన్నా ముందు, ఆ మొహం ఎలా ఉండేదో ఒక్కసారి చూడాలని. ఇదివరకు మూడుసార్లు వచ్చి ఉత్తచేతులతో వెళ్లింది. కొత్త మనిషి చేరాడని విని మళ్లీ వచ్చింది.

ఆమె తెచ్చిన పెన్‌డ్రైవ్‌లోంచి ధర్మారావు ఫొటో తెరిచాడు. మిట్టమధ్యాహ్నం, ఉప్పు కుప్పల మధ్య చంకన గంపతో ఒకామె. పక్కనే తాటాకు పందిరి నీడలో రెండేళ్ల పిల్ల, చెదిరిన కాటుకతో సహా స్పష్టంగా ఉంది. ఎండలో నిలబడ్డ తల్లికి మాత్రం మొహం లేదు. నుదురు, ముక్కు, బుగ్గలు అంతా తెల్లకాగితం.

ఇదెంత పని అన్నట్టు అతను వెలుగు తగ్గించాడు. చీర అంచు తేలింది. గంప అల్లిక తేలింది. మొహం మాత్రం తెలుపు పోయి బూడిదరంగుకు తిరిగింది. అందులో కళ్లు లేవు. గంటసేపు తంటాలు పడ్డాడు. చివరికి, ఈ రోజుల్లో కంప్యూటరే మొహం గీసిస్తుందని, నీ పోలికలతో చక్కటి మొహం పెట్టిస్తానని చెప్పాడు.

“అది మా యమ్మేనా అన్నా?” అంది నీలవేణి.

ధర్మారావు మౌస్ మీంచి చెయ్యి తీసేశాడు. అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

“ఇందులో నా మొకమే సూసి సూసి ఇసుగెత్తిపోనాది,” అంటూ ఆమె పెన్‌డ్రైవ్ రుమాలులో ముడేసుకుంది. ఇద్దరికీ చెరొక శుభలేఖ ఇచ్చి, తప్పకుండా రమ్మని చెప్పి వెళ్లింది.

బాధ కోపంగా మారింది ధర్మారావుకి. కెమెరా పట్టడం రానివాడెవడో ఆ పిల్ల కొంప ముంచాడని కాసేపు తిట్టాడు. ఎవడు మాస్టారూ వాడు, అని అడిగాడు.

అప్పలసూరి మాస్టారు బల్ల మీది తువ్వాలు తీసి మడత పెట్టాడు. ఆ మడత సరిగా కుదరక మళ్లీ విప్పాడు.

“నల్లగా ఉంటానని సిగ్గుపడింది పాపం. తెల్లగా తియ్యి బావూ, అంది. తీశాను.”