వెదురుబియ్యం తీర్చలేని ఆకలి

నల్లమల అడవిలో, వాగు ఒడ్డున ఉన్న వెదురుపొదల్లో ముళ్లపందులూ ఉడుతలూ ఎలుకలూ కాపురముండేవి. వాటిలో ఎలుకలకు ఒక ఆచారం ఉంది. తినబోయే ముందు అవి వలయంగా కూర్చుని, ఒకదాని మూతి ఒకటి వాసన చూసేవి. ఎవరేం తిన్నారో, ఎవరి ఒంట్లో ఎలా ఉందో అలా తెలుసుకొనేవి.

చిత్రదంతుడనే ఎలుకకు ఈ ఆచారం గిట్టేది కాదు. ఆ ఏడు వెదురు పూచి, నేలంతా వెదురుబియ్యం రాలింది. అందరికన్నా చురుకైన అతడు బొరియ నిండా గింజలు పోగుచేసుకున్నాడు.

"అవ్వా, ఇక నేను మీ బంతికి రాను. ఈ కంపు మూతులు వాసన చూస్తేగానీ కడుపు నిండదా?" అన్నాడు ధూసరి అనే ముసలి ఎలుకతో.

"నీ మూతి మాత్రం మల్లెపూవు మరి!" అని నవ్వింది ధూసరి. "తోడు ఉంటే తలలో ఒక రసం ఊరుతుంది నాయనా. 'ఇక చాలు' అని కడుపుకు చెప్పేది అదే. ఒంటరి తలలో అది ఇంకిపోతుంది."

"నా కడుపు నిండిందో లేదో నాకు మరొకరు చెప్పాలా?"

ఎవరూ చాటుగా దూరకుండా అతడు బొరియ వెనుక వాకిలిని మట్టితో పూడ్చాడు. మొదట హాయిగానే ఉంది. పిదప వింత మొదలైంది. ఎంత తిన్నా ఆకలి తీరలేదు. రుచి తెలియలేదు, అయినా నోరు ఆగలేదు. ఆకు కదిలినా ఉలిక్కిపడి, ఆ బెదురులో మరికొన్ని గింజలు నమిలేవాడు. ఒళ్లు బానలా ఊరిపోయింది. వెలుపలి నుంచి ధూసరి పిలిస్తే పలకాలనిపించేది; అభిమానం అడ్డువచ్చేది.

ఒకనాడు కుండపోతగా వాన కురిసింది. వాగు పొంగి నీరు బొరియలో చొరబడింది. చిత్రదంతుడు వాకిలి వైపు పరుగెత్తాడు. తల దూరింది, పొట్ట దూరలేదు. వెనుక వాకిలి తాను పూడ్చినదే.

"అవ్వా! చచ్చిపోతున్నాను!"

"తవ్వండర్రా! వాడి మూతి తరువాత వాసన చూద్దాం!" అంది ధూసరి.

గుంపంతా పళ్లతో, గోళ్లతో మట్టి తొలిచి అతణ్ని బయటికి లాగింది. గింజలన్నీ నీటిపాలయ్యాయి.

మెరకమీద ఎలుకలు తమకున్న కొద్దిపాటి గింజలతో వలయంగా కూర్చున్నాయి. చిత్రదంతుడు తల వంచి ధూసరి మూతి వాసన చూశాడు. తన వంతు గింజలు మెల్లగా నమిలాడు. అవ్వ మరొక గింజ అందించబోయింది.

"చాలు అవ్వా," అన్నాడు. ఆ మాట అతని నోట వచ్చి ఎన్నాళ్లయిందో!

నీతి: పదిమందితో పంచుకున్న పిడికెడు నింపే కడుపును, ఒంటరిగా తిన్న గాదె నింపలేదు.