గంగాళం కింద అత్త, టేకుచెట్టు మీద దయ్యం

అనగనగా, ఆ అనగనగాకి కూడా అవతల, ఒక ఊళ్ళో వీరలచ్చి అని ఒక కోడలు. వాళ్ళ ఇంటికప్పుకి ఎన్ని చిల్లులంటే, ఆకాశంలో చుక్కలకంటే రెండెక్కువ! వానొస్తే అత్త సూరమ్మ బోర్లించిన గంగాళం కింద దూరేది. లోపల దగ్గిందంటే ఖంగుమని ఏడూళ్ళు ఉలిక్కిపడేవి. మొగుడా? వాడు రాజుగారి గుర్రాలకి గడ్డి వెయ్యడానికి పోయాడు, మన కథలోకి రాడు. ఊ కొడుతున్నారా, లేదా?

వీరలచ్చికి పుట్టింటివాళ్ళు పది వరహాలిచ్చారు. వాటిని పెంచి, మళ్ళీ వానలొచ్చేలోగా పెంకులు వేయించాలని ఆమె పంతం. ఇంకో వానాకాలం గంగాళం కింద గడిపితే అత్త దక్కదని వైద్యుడు తేల్చేశాడు మరి.

ఆ ఊరికో జబ్బు. షావుకారు గుప్తయ్య తుమ్మితే ఊరంతా తుమ్మాల్సిందే. ఆ ఏడు ఆయన వెయ్యి వరహాలు టేకుమొక్కల మీద పెట్టాడు. ఇంకేం, ఊరంతా టేకే! తొంభైయేళ్ళ బావయ్య కూడా చేతికర్ర పారేసి గునపం పట్టాడు.

"షావుకారుకంటే తెలివైనదానివటే? పో, నువ్వూ నాటు!" అని కసిరింది అత్త.

వీరలచ్చి పెరట్లో ముసలి టేకుచెట్టు పక్కన గొయ్యి తీసిందో లేదో, కొమ్మ మీంచి తలకిందులుగా ఒక దయ్యం దిగింది. భయపడిందా? లేదు, చీపురెత్తింది!

"ఆగవే తల్లీ, నేను మీ అత్తకి మామని!" అంది దయ్యం. ఎనభయ్యో ఏట అప్పటి షావుకారుని చూసి తనూ ఈ టేకు నాటాడట. ఉయ్యాలబల్ల చేయించుకుని ఊగాలని కోరిక. చెట్టు చెయ్యంత లావయ్యేసరికి ఈయన కాటికి పోయాడు. షావుకారు నాటింది మనవల కోసం, వాళ్ళు మేడలు కట్టారు.

"ఇంతకీ నీకు డబ్బెందుకే?"

"పెంకులకి, తాతా."

"ఎప్పటికి?"

"వానల్లోగా."

"ఆ డబ్బు పోతే?"

"అత్త మళ్ళీ గంగాళం కిందకే."

"మరి ఈ జానెడు మొక్క మీ అత్తకి గొడుగు పడుతుందటే, పిచ్చిమొహమా!"

వీరలచ్చి పకాలున నవ్వేసింది. ఏడు వరహాలకి బాతులు కొంది. రెండు బియ్యంకుండ అడుగున దాచింది. అప్పటికే ఆమె కడుపుతో ఉంది, ఆ బిడ్డ పేర మిగిలిన ఒక్క వరహాకి టేకు నాటింది. ఊరంతా పకపక. నడుమ నక్కొచ్చి సగం బాతుల్ని మింగింది, ఊరు మళ్ళీ పకపక. ఆమె కుండ అడుగున చెయ్యి పెట్టింది, మళ్ళీ బాతులు కొంది. ఇక చూస్కోండి! బాతులు గుడ్లు పెట్టాయి, గుడ్లు కాసులు తెచ్చాయి, కాసులు పెంకులు తెచ్చాయి, పెంకులు కప్పెక్కి కూర్చున్నాయి.

మరునాడే వాన! ఏనుగు తొండాలంత ధారలు. షావుకారుకి మేడుంది, ఆయనకేం? మిగతావాళ్ళ డబ్బంతా టేకుమొక్కల్లో, కప్పులన్నీ చిల్లులు! బావయ్య మాత్రం జానెడు మొక్క నెత్తిన పెట్టుకుని వీరలచ్చి వసారాలోకి పరిగెత్తుకొచ్చాడు. వెనకే ఊరంతా. రేపే మేమూ బాతులు కొంటామన్నారు! వీరలచ్చి గుమ్మానికడ్డంగా నిలబడి, ఎందుకో, ఎప్పటికో, పోతే ఎలాగో చెప్పందే ఒక్కరినీ కదలనివ్వలేదు.

తర్వాత ముసలి టేకు కొమ్మ కోయించి ఉయ్యాలబల్ల చేయించింది. ఇప్పటికీ ఎవరూ కూర్చోకుండానే అది కిర్రు కిర్రుమని ఊగుతుంది. "దిగండి మామయ్యా, ఇక నా వంతు!" అని సూరమ్మ తగువు. గంగాళమా? అందులో బాతులు ఈదుతున్నాయి.

అందుకే, రేపు హుండీలో రూపాయి వేసేముందు పక్కవాడి హుండీలోకి తొంగిచూడకండి. మీకేం కావాలో, ఎప్పటికి కావాలో మీ చెవిలో మీరే చెప్పుకోండి.

కథ బాతెక్కి కంచికి పోయింది, మనం దుప్పట్లోకి పోదాం.