ఎర్రకొండ చుట్టూ సుంకులమ్మ మొదటి పరుగు

అనగనగా, ఎర్రకొండకు ఇంకా బస్సు దారి పడని రోజుల్లో, కొండ కింద ఒక కుమ్మరిపేట ఉండేది. ఆ రోజుల్లో గాడిదలు మాట్లాడేవి. వినడానికి మనుషులకు తీరిక ఉండేది.

ఏటా కోతలయ్యాక అక్కడ గాడిదల పందెం జరిగేది. గాడిద మీద ఎక్కకూడదు. దాని వీపున ఇసుక మూట కట్టి, పగ్గం పట్టుకుని, మనిషి పక్కన పరుగెత్తుతూ కొండ చుట్టి రావాలి.

పుల్లన్న అనే కుమ్మరి బూడిద అనే తన గాడిదతో పన్నెండేళ్లు అలా పరుగెత్తాడు. ఆయన పోయాక, పందెం దగ్గర పడేసరికి బూడిద మేత మానేసింది. పొద్దస్తమానం కొండవైపే చూస్తూ నిలబడేది. పుల్లన్న కూతురు సుంకులమ్మ అది చూడలేకపోయింది. పరుగెత్తి ఎరగని మనిషి, ముప్పై ఏళ్ల వయసులో పగ్గం చేతికి తీసుకుంది.

మొదటి రోజు ముందు నడిచి లాగింది. బూడిద అడుగు కదల్లేదు. రెండో రోజు వెనక నుంచి అదిలించింది. బూడిద ఒక్క ఉరుకున పోతే, పగ్గం ఒరుసుకుని ఆమె అరచేతులు బొబ్బలెక్కాయి. మూడో రోజు దాని పక్కన కూలబడి, నాయన ఎలా పరుగెత్తేవాడని అడిగింది.

"ఇన్నాళ్లకు అడిగావు," అంది బూడిద. "నా మెడ పక్కనే ఉండేవాడమ్మీ. పగ్గం వదులుగా పట్టేవాడు. నా చెవులు ముందుకుంటే పరుగు. వెనక్కి వాలితే ఆగడం."

ఆ మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే ఇద్దరూ కొండదారి పట్టారు. ఏ బండ దగ్గర నాయన నీళ్లు తాగేవాడో, ఏ ఎత్తు ఎక్కేటప్పుడు శ్రుతి లేకుండా పాడేవాడో బూడిద చెబుతుంటే, సుంకులమ్మ నవ్వుతూనే కళ్లు తుడుచుకునేది.

పందెం రోజు పదకొండు జతలు బయలుదేరాయి. వాగు దాకా సుంకులమ్మ మూడో స్థానంలో ఉంది. అక్కడ బూడిద చెవులు వెనక్కి వాలాయి. ముందున్న రెండు జతలూ వాగులోకి దిగేశాయి. గట్టు మీది జనం లాగు, లాగు అని కేకలేశారు. సుంకులమ్మ చెయ్యి పగ్గం మీద బిగిసింది. సిగ్గుతో ముఖం వేడెక్కింది.

"ఏం చూశావే?" అని మెల్లగా అడిగింది.

"ఇసుక రంగు మారింది. అడుగున ఊబి ఉంది."

ఆమె పగ్గం వదులు చేసింది. ఇద్దరూ పైనున్న రాళ్ల మీదుగా చుట్టు తిరిగి వాగు దాటారు. ఆలోగా వెనకనున్న నాలుగు జతలు వేరే రేవున వాగు దాటి, వీళ్లకన్నా ముందుకు పోయాయి. వాగులోకి దిగిన రెండు గాడిదలూ పొట్టదాకా కూరుకుపోయాయి. పేట జనమంతా కలిసి వాటిని బయటికి తీసేసరికి సాయంత్రమైంది.

సుంకులమ్మ అయిదోదిగా వచ్చింది. తను నీళ్లు తాగకముందే బూడిద వీపున మూట విప్పింది. అయిదో స్థానమంటే నాయన పరువు పోయిందేమోనని నొచ్చుకుంది.

బూడిద ఆమె భుజానికి మూతి ఆనించింది. "మొదటి ఏడు మీ నాయన అందరికన్నా ఆఖరున వచ్చాడమ్మీ. ఇంట్లో చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్నాడు."

నీతి: కొత్తగా పని మొదలుపెట్టేవారు పక్కనున్న తోడును లాగకూడదు, అడిగి తెలుసుకుని కలిసి నడవాలి.