వరాలమ్మ పెట్టిన పథ్యం

అనగనగా ఏటి గట్టున ఒక ఊరు. ఆ ఊళ్ళో వరాలమ్మ అని ఒక తల్లి. ఆమెకు పైడి అని ఒక్కగానొక్క కూతురు, ఆరేళ్ళది.

ఒక వేసంగిలో పైడికి తట్టు పోసింది. వారం రోజులు వరాలమ్మ మంచం పక్కనుంచి కదల్లేదు. పిల్ల తేరుకుంది. అప్పుడు అందరి తల్లుల్లాగే పథ్యం పెట్టింది. పాతబియ్యం అన్నం, పలచటి మజ్జిగ. పథ్యమంటే పది రోజులే కదా తల్లీ! కానీ వరాలమ్మకు భయం. వానలు వచ్చాయి, పోయాయి. పథ్యం మాత్రం వీడలేదు.

పక్కింటి సూరమ్మత్త పొన్నగంటి కూర తెచ్చింది. "వద్దత్తా, చలవ" అంది వరాలమ్మ. ఆ తర్వాత ఎర్రటి గుమ్మడి ముక్క తెచ్చింది. "అమ్మో, వాతం!" ఆ తర్వాత పెరట్లో పండిన బొప్పాయి తెచ్చింది. "వేడి, వేడి!"

"ఒసే, ఇక నీ బిడ్డ తినడానికి గాలే మిగిలింది" అని మూతి తిప్పుకుంటూ పోయింది సూరమ్మత్త.

ఆ తర్వాత ఒక మునిమాపు వేళ పైడి మజ్జిగ కుండకు తగిలి పడింది. "చూసి నడవవే" అంది తల్లి.

మర్నాడు అదే వేళకు, ఎదురుగా దీపం వెలుగుతూనే ఉంది, పైడి అడిగింది. "అమ్మా, ఇంకా దీపం పెట్టవేం?"

వరాలమ్మ పిల్లని దగ్గరికి లాక్కుంది. ఏ గాలో సోకిందనుకుని దిష్టి తీసింది. మజ్జిగ కూడా మాన్పించి ఉత్త గంజి పట్టింది.

మూడోనాడు వాకిట్లో పాతర తెరిచింది. పాతరంటే వడ్లు దాచే లోతైన గొయ్యి. లోపల చీకటి, ఊపిరాడని గాలి. మూత పక్కన పెట్టి, చాట కోసం ఇంట్లోకి వెళ్ళింది. వచ్చేసరికి పొద్దు వాలింది. పైడి చేతులు ముందుకు చాచి, అమ్మ అడుగుల చప్పుడు వైపు నడిచి వస్తోంది. ఇద్దరికీ నడుమ పాతర నోరు తెరుచుకుని ఉంది.

వరాలమ్మ చేతిలోని చాట పారేసింది. పిల్ల కాలు అంచు మీద పడింది. ఒక మట్టిబెడ్డ జారి లోపలికి పోయింది. అప్పుడు వరాలమ్మ పాతర మీదుగా ఒక్క గెంతు గెంతి, జడ పట్టుకుని వెనక్కి లాగింది.

పిల్ల ఏడుపు విని సూరమ్మత్త పరుగున వచ్చింది. పైడి కళ్ళ ముందు చెయ్యి ఆడించింది. రెప్ప పడలేదు.

"గాలీ లేదు, ధూళీ లేదు. ఇది కూరా పండూ లేక వచ్చిన రేచీకటే. ఇంకా ఆలస్యం చేస్తే పగలు కూడా చీకటే. నీ భయమే తింటోందే ఈ పిల్ల కళ్ళని!"

మర్నాడు వైద్యుడు మందిచ్చాడు. పథ్యం వదలమన్నాడు. వరాలమ్మ పొన్నగంటి కూర కలిపి ముద్ద చేసింది. పెడితే ఏమవుతుందో అని భయం. పెట్టకపోతే ఏమవుతుందో అని అంతకంటే భయం. కళ్ళు మూసుకుని పెట్టింది. ఆ తర్వాత గుమ్మడి పులుసు, ఆ తర్వాత బొప్పాయి పండు. ప్రతి ముద్దకీ నుదురు తడిమి చూసుకుంది.

రోజూ పొద్దు వాలగానే పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకునేది. "కనిపిస్తోందా?" అని అడగడానికి మాత్రం నోరు రాలేదు.

ఒకనాడు అలాగే కూర్చున్నారు. చీకటి పడింది. అప్పుడు పైడి చెయ్యి, తడుముకోకుండా, తిన్నగా వచ్చి తల్లి చెంప తుడిచింది.

"ఎందుకమ్మా ఏడుస్తున్నావు?"

పొన్నగంటి కూర కంటికి,
కాలాన కాసిన పండు ఒంటికి,
కథ వెళ్ళింది కంచికి,
నిదరా, రావే మా ఇంటికి!