హంసవేణి పలకల నడుమ ఖాళీ

తాతారావుకి ఆ నావ కట్టినవాడి మీద కోపం వచ్చింది.

నావంటే మామూలు నావా! తాళ్లరేవులో జమీందారు గారు షికారుకని కట్టించుకున్న రెండు తెరచాపల టేకు నావ, హంసవేణి. దానికి సరంగుని నేనే. నేను చుక్కాని పట్టుకుంటే గాలి వచ్చి "ఎటు వీచమంటారు?" అని అడిగేది. ఓసారి నన్ను చూసి తుపాను ఒడిశాకి మళ్లిపోయింది. నమ్మకపోతే ఒడిశా వాళ్లనడగండి.

అంతటి నావ ఏళ్ల తరబడి ఒడ్డున ఎండి, పలకలు విచ్చుకుంది. "పున్నమి పోటుకి తేలితే సరే. కారిందంటే గొడ్డలి పెట్టించి పొయ్యిలోకి పంపేస్తా" అన్నాడు జమీందారు గారి మనవడు.

పడవలు కట్టే నూకరాజు మేస్త్రీ కాళ్లు పట్టుకున్నాను. సముద్రానికే వంగని నడుం నాది, ఆవేళ వంగింది.

మేస్త్రీ శిష్యుడే తాతారావు. సందుల్లో పుల్ల దూర్చి చూసి మండిపడ్డాడు.

"ఎవడో చేతకానోడు కట్టాడండి మేస్త్రీ గారూ. పలకకీ పలకకీ పొత్తే లేదు. ఇది నావా, జల్లెడా?"

"మరేం చేద్దావంటావు?"

"సన్న బద్దలు చెక్కి సందుల్లో దిగ్గొడతానండి. చీమ దూరితే నా పేరు మార్చెయ్యండి."

"ఆ కింది వరసకి కొట్టు. ఆ ఒక్కదానికే."

తాతారావు కొట్టాడు. ఆ సుత్తి దెబ్బలు కాకినాడ రేవులో ఓడలు ఆగి విన్నాయి.

మిగతా సందుల్లో మేస్త్రీ నూనె దూది వదులుగా పెట్టించాడంతే. తర్వాత నావ కడుపులో కాలవ నీళ్లు పోయించాడు. బయట తడి గోనెలు కప్పించాడు. పోసిన నీళ్లు పోసినట్టే ధారలు కట్టి కారిపోయాయి. నా ప్రాణం వాటితోనే కారిపోయింది.

"మళ్లీ పొయ్యండి" అన్నాడు మేస్త్రీ.

రోజూ పోశాం. నేను మోసిన కడవలకి కాలవ జానెడు తగ్గింది.

పున్నమి దగ్గరపడ్డాక ఓ పొద్దున గోనెలు తీశాం. చెక్క నీళ్లు తాగి ఉబ్బింది. సందులన్నీ వాటంతటవే మూసుకున్నాయి. బద్దలు బిగించిన వరసలో మాత్రం పలక ఉబ్బడానికి చోటు లేక, మేకులు పీక్కుని విల్లులా బయటికొచ్చింది.

తాతారావు ఆ పలక నిమిరాడు.

"కట్టినాయన ఇదంతా ముందే తెలిసి సందులు వదిలాడాండీ?"

మేస్త్రీ కొత్త పలక తెచ్చి చేతికిచ్చాడు. తాతారావు దాన్ని బిగించబోయి, ఆగి, కాస్త వెనక్కి జరిపి, సందు వదిలి మేకు దించాడు. దానికీ నీళ్లు తాగించాం.

పున్నమి పోటుకి హంసవేణి తేలింది. లోపల చుక్క లేదు. మనవడు గొడ్డలివాళ్లని ఇంటికి పంపేశాడు. నేను ఏడ్చాను. ఆ ఏడు గోదారికి రెండో వరద నా వల్లే.

ఒడ్డున జనం తాతారావుని పొగుడుతున్నారు. వాడు మొలలోతు నీళ్లలో నావకి నుదురు ఆనించి చేతులు జోడించాడు.

"ఎవరికిరా దణ్ణం?" అన్నాడు మేస్త్రీ.

"పేరు తెలీదండి."

"నాకూ తెలీదు" అని మేస్త్రీ నీళ్లలోకి దిగి, వాడి పక్కన నిలబడి చేతులు జోడించాడు.